బుడమేటి అడుగున ఏమున్నది? ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖామాత్యులకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జలవనరుల శాఖామాత్యుల సముఖమునకు,

అయ్యా,

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి, అజిత్ సింగ్ నగరమును, పాయకాపురమును, వాటి చుట్టునున్న పేటలను ముంచి, ఇండ్ల క్రింది అంతస్తులను నీటిపాలు చేసి, వేలకొలది కుటుంబములను దినముల తరబడి చీకటిలోను ఆకలిలోను ఉంచిన నాటినుండి, ఈ యేటిని గూర్చి మన రాష్ట్రమున జరిగినంత చర్చ మునుపెన్నడును జరిగియుండదు. మళ్లింపు కాలువకు పడిన మూడు గండ్లను సైనికుల తోడ్పాటుతో పూడ్చిన వృత్తాంతము, ఆక్రమణల వలన ఏటిగర్భము కృశించిన తీరు, ఎన్ని క్యూసెక్కులు పారుటకు ఎంత వెడల్పు కావలెనను లెక్క, కట్టలను ఎంత యెత్తు లేపవలెనను వాదము, ఇవన్నియు పత్రికలయందును సభలయందును విస్తారముగ నడచినవి. 2005 వరదను కూడ చూచిన నగరము గనుక ఈ చర్చ అవసరమే. ప్రాణములు పోయిన చోట ప్రజలు ముందుగా రక్షణను అడుగుదురు, అడుగవలెను కూడ. అయినను ఇంత చర్చలో ఒక్క ప్రశ్న మాత్రము నా చెవిని పడలేదు. ఈ యేరు ప్రాణముతో నున్నదా, ఉన్నచో ఎంత దూరము అట్లున్నది, ఎచ్చట చచ్చినది, ఎచ్చట మరల కోలుకొనగలదు? ఆ ప్రశ్నను మీ సముఖమున ఉంచుటకే ఈ లేఖ.

ఇది కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయదగిన విషయము గదా, జలవనరుల శాఖకు ఏల వ్రాయుచున్నావని మిత్రులు కొందరు అడిగిరి. నీటిని పరీక్షించునది మండలియే, కాని ఏటిని త్రవ్వునది, వెడల్పు చేయునది, కట్టలు పోయునది, నీటిని ఇటు అటు మళ్లించునది మీ శాఖ. మురుగు వలన ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా జరుగు చేటును పొక్లెయినరు ఒక్క పూటలో చేయగలదు. చెడిన యేటిని మరల బాగుపడు దారిని పెట్టగల శక్తియు, ఆ యంత్రమును నడిపించు చేతియందే యున్నది. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టము జలముల స్వస్థతను నిలుపుటయు, చెడిన చోట దానిని మరల నెలకొల్పుటయు తన ప్రయోజనముగా చెప్పుకొన్నది. ఆ స్వస్థత సీసాలో పట్టిన నీటికి మాత్రమే గాక, ఏటి అడుగునకును, గట్టునకును, గట్టు మీది చెట్టునకును చెందునని చిరకాలము జంతుశాస్త్రము బోధించిన నా దృఢవిశ్వాసము.

బుడమేటి నడక మీకు క్రొత్త గాదు. మైలవరము పరిసరములందలి కొండలలో పుట్టి, కొండపల్లి కొండల నీటిని కూడ కొంత కలుపుకొని, వెలగలేరు వద్ద రెగ్యులేటరును చేరి, అక్కడ వరదనీటిలో కొంత మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోనికి పోగా, మిగిలినది పాత దారిని పట్టి విజయవాడ నగరము అంచులను ఒరసికొని, అటుపై పల్లపు వరిచేల నడుమను చేపల చెరువుల నడుమను సాగి కొల్లేట కలియును. ఇంత చిన్న యేటికి ఇన్ని దశలుండుట అరుదు. పుట్టిన చోట అడవి వాగు; నడుమ సేద్యపు కాలువ; నగరమున మురుగు కాలువ; తుదకు 2002 లో అంతర్జాతీయ రామ్సర్ ఒడంబడిక జాబితాకెక్కిన మహాసరస్సునకు నీరందించు ఉపనది. కావున ఏ యొక్క చోట నిలిచి చూచినను బుడమేరు ఇట్టిదని చెప్పుట అసాధ్యము. తెల్లపొణికి చెట్లు పెరుగు కొండ మొదటను, నగరపు వంతెన క్రిందను ప్రవహించునది ఒకే నీరని, ఆ రెంటిని వరుసగా చూచినవాడు కూడ సులభముగా నమ్మజాలడు.

నీటి మంచి చెడ్డలను మనము నేడు ఎట్లు నిర్ణయించుచున్నామో కొంచెము విచారింతము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని నీళ్లను వాటి ఉత్తమోపయోగమును బట్టి అయిదు తరగతులుగా విభజించినది. సూక్ష్మక్రిములను చంపుట తప్ప వేరు శుద్ధి లేకయే త్రాగుటకు పనికివచ్చు మొదటి తరగతి నీట, లీటరునకు 6 మిల్లీగ్రాములకు తక్కువ గాకుండ ప్రాణవాయువు కరిగియుండవలెను. చేపలకును వన్యప్రాణులకును ఉద్దేశించిన నాలుగవ తరగతికి 4 మిల్లీగ్రాములు చాలును. సేద్యమునకు ఉద్దేశించిన అయిదవ తరగతిలో ప్రాణవాయువు ప్రసక్తియే లేదు. నీటిలోని మురుగును జీర్ణించుకొనుటకు సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువును హరించునో, ఆ నీటిని 27 డిగ్రీల వేడిమియందు మూడు దినములుంచి కొలుతురు. ఈ కొలతలన్నియు శాస్త్రసమ్మతములే, ఆవశ్యకములే.

వీటిలో ప్రాణవాయువును కొలుచు పద్ధతి 1888 లో హంగేరీ దేశపు రసాయనవేత్త లాయోష్ వింక్లర్ కనుగొన్నది. నా విద్యార్థులచే దీనిని చేయించునప్పుడు వారి కన్నులు విప్పారుటను ఎన్నో మారులు చూచితిని. గాలి బుడగ చొరకుండ సీసా నిండ నీరు పట్టి, మాంగనీసు లవణమును, క్షారముతో కూడిన అయొడైడును చుక్కలు చుక్కలుగా అడుగునకు దింపినప్పుడు, నీట ప్రాణవాయువున్నచో గోధుమవన్నె మడ్డి యొకటి మేఘమువలె లేచి మెల్లగా దిగును. ప్రాణవాయువు లేనిచో ఆ మడ్డి తెల్లగనే నిలిచిపోవును. తరువాత ఆమ్లము కలిపి, పిండి ద్రావకముతో నీలముగ మారిన ఆ నీటిని మరల రంగు పోవు వరకు కొలిచి, అంకె కట్టవలెను. కాని అంకె వచ్చుటకు ముందే, తెల్లగ నిలిచిన ఆ మడ్డిని చూచిన మాత్రమున, ఈ నీట చేపకు ఊపిరి లేదని చిన్నవానికి సైతము తెలిసిపోవును.

ఇంత చక్కని పద్ధతికిని ఒక హద్దున్నది. సీసాలోనికి వచ్చినది ఆ నిమిషపు నీరు. రాత్రివేళ ఎగువను వదలిన మురుగు ఉదయమునకు దిగువకు సాగిపోయి, పది గంటలకు వచ్చిన పరీక్షకునికి చిక్కకపోవచ్చును. పచ్చని పాచి దట్టముగ పెరిగిన మడుగులో ఎండ కాయువేళ ఆ పాచియే ప్రాణవాయువును వెలువరించును గనుక మధ్యాహ్నపు అంకె ఎంతో ఘనముగ కనబడును; చీకటి పడిన పిమ్మట అదే పాచి ఆ ప్రాణవాయువును తానే హరించి, తెల్లవారుజామునకు మడుగును ఊపిరాడని స్థితికి తెచ్చును. మధ్యాహ్నపు సీసాను బట్టి ఏటికి ఆరోగ్యపత్రమిచ్చుట, సంతనాడు ఒక్క గడియ కొట్టు తెరచి ఏడాది బేరమును లెక్కకట్టుట వంటిది. కావున ఏ పరీక్ష చేసినను సూర్యోదయమునకు ముందొక మారు, ఎండ ముదిరిన పిమ్మట ఒక మారు చేయుడని మీ యింజనీర్లకు నా ప్రార్థన.

చేపలు పడుచున్నవి గదా, ఏటికేమి కొదవయని అడుగువారు కలరు. ఇది జాగ్రత్తగ ఆలోచింపవలసిన మాట. ఏ చేప పడుచున్నదో మొదట చూడవలెను. కొరమీను, మార్పు, ఇంగిలాయి మొదలగునవి నీటిలోని ప్రాణవాయువు చాలనప్పుడు నీటిపైకి వచ్చి గాలిని మ్రింగి బ్రతుకగల జాతులు. ఇవి యుండుట వలన ఏరు బాగున్నదనుటకు వీలు లేదు. పైగా గాలి మ్రింగలేని తక్కిన జాతులు మాయమై ఇవి మాత్రమే మిగులుట వ్యాధిలక్షణము. పాతికేండ్ల క్రితము ఏ యే చేపలు పడినవో, నేడు ఏవి పడుచున్నవో గట్టుమీది జాలరులను కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొన్నచో, ఏ ప్రయోగశాలయందును దొరకని చరిత్ర లభించును. వారికి తెలిసినంత ఏటి సంగతి నావంటి పుస్తకముల వానికి తెలియదు.

చేప ఈదుకొని పారిపోగలదు. పారిపోలేక, ఉన్నచోటనే ఉండి, వచ్చిన దానినెల్ల అనుభవించు ప్రాణులు ఏటి అడుగున నుండును. ఎగువను, కొండ దిగివచ్చిన నీరు గులకరాళ్లమీదుగ పారు తావున, మోకాలి లోతున నిలిచి, అరచేతి వెడల్పు రాతినొకదానిని మెల్లగ ఎత్తి తిరుగవేసి చూడుడు. మొదట తడియు పాచియు తప్ప ఏమియు కనబడదు. కొంచెము తాళినచో ఆ పాచిలో ఒక మచ్చ కదలును. అది మే-ఫ్లై యను పురుగు పిల్ల. బియ్యపు గింజంత యుండి, దేహమునకు ఇరుప్రక్కల పలుచని మొప్పలను అల్లలార్చుచు, వెనుక తరచుగ మూడు సన్నని తోకలను చాచి, రాతికి కరచుకొని యుండును. రెక్కలు వచ్చి గాలిలోనికి ఎగిరిన పిమ్మట దాని ఆయువు ఒకటి రెండు దినములకు మించదు. బ్రతుకంతయు నీటి క్రిందనే గడచును. దాని ప్రక్కనే ఇసుక రేణువులను తన నోటి పట్టుదారముతో ఒకదానికొకటి అంటించి చిన్న గొట్టము కట్టుకొని అందులో కాపురముండు మరియొక పురుగు కనబడును; దాని బంధువులలో కొన్ని రాళ్ల సందున ప్రవాహమునకు ఎదురుగ వలపన్ని, కొట్టుకొనివచ్చు ఆకుతుంపులను పట్టి తినును. తూనీగ పిల్లలు, నత్తలు, చిన్న యెండ్రకాయలు, వీనియన్నింటిని ఒక తెల్లని పళ్లెములో నీటితోగూడ వేసి చూచినచో, చూపు తిప్పుకొనుట కష్టము.

అదే పళ్లెమును నగరమున మురుగు కలియు తావునకు దిగువను పట్టినచో దృశ్యము మారిపోవును. మురుగు కలిసిన ఏ యేటనైనను మొప్పల పురుగులు ముందు తొలగును, గొట్టము కట్టు పురుగులు పిదప తొలగును, తుదకు నల్లని బురదలో దారపు పోగులవంటి ఎర్రని వానపాముల జాతియు, రక్తవర్ణపు దోమజాతి పురుగు పిల్లలును మాత్రమే నిలుచును. వాటి యెరుపునకు కారణము మన నెత్తురునందున్న రంజకద్రవ్యము వంటిదే. స్వల్పమైన ప్రాణవాయువును సైతము ఒడిసిపట్టుకొను శక్తి వాటికి దానివలన కలిగినది. ఈ ప్రాణులు నెలల తరబడి అచ్చటనే యుండినవి. రాత్రివేళ దొంగతనముగ వదలిన విషము, వేసవి వేడిమి, పూడిక, పురుగుమందు, వీనినన్నింటిని అవి ఎదుర్కొన్నవి. ఏవి మిగిలినవో చూచినచో, పరీక్షకుడు లేని దినములలో ఏమి జరిగినదో బోధపడును.

ఈ విద్య క్రొత్తది కాదు. జర్మనీ దేశమున కోల్క్విట్స్, మార్సన్ అనువారు 1908, 1909 సంవత్సరములలోనే మురుగునకు తాళు ప్రాణులను, తాళని ప్రాణులను వేరుచేసి పట్టికలు ప్రకటించిరి. బ్రిటన్‌లో 1970 దశకమున ఏర్పడిన పండితవర్గమొకటి ఒక్కొక్క పురుగు కుటుంబమునకు 1 నుండి 10 వరకు మార్కులు నిర్ణయించినది. నిర్మలజలమును కోరు మే-ఫ్లై కుటుంబములలో కొన్నింటికి 10, బురదలోని వానపాముల జాతికి 1. మన కేంద్ర మండలియు డచ్చివారి సహకారముతో యమునపై పరిశోధించి, ఇట్టి జైవిక ప్రమాణములను మన దేశమునకు అనువుగ సిద్ధపరచి, నిర్మలము మొదలు తీవ్రకలుషితము వరకు అయిదు తరగతులు ఏర్పరచినది. పద్ధతి చేతిలో నున్నది. చిన్న యేళ్లమీద దానిని నిత్యము ప్రయోగించు అలవాటు మాత్రము మనకింకను కలుగలేదు.

అయితే పరదేశపు మార్కులను యథాతథముగ తెచ్చి బుడమేటిపై రుద్దుట నాకు సమ్మతము గాదు. చలిదేశపు వాగులలో సమృద్ధిగ నుండు కొన్ని కీటకములు మన వేడి నేలలో సహజముగనే అల్పము. అవి కనబడనంత మాత్రమున నీరు చెడినదనుట అన్యాయము. నీటి వేడిమి 20 డిగ్రీలున్నప్పుడు లీటరునందు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగా, 30 డిగ్రీల యందు ఏడున్నరకు మించి నిలువదు. మన యేళ్లు పుట్టుకతోనే ఆ మేరకు ఊపిరి తక్కువైనవి. అంతేగాక బుడమేరు ఏడాది పొడవున సమముగ పారునది కాదు. ఎగువభాగము వేసవిలో ఎండి మడుగులుగ విడిపోవును. నగరభాగమున ఆ కాలమున కనబడు నీటిలో అధికభాగము మన యిండ్ల మురుగే. కావున దీనికి ఆదర్శముగ నిలుపవలసినది థేమ్స్ నదిని గాదు. మైలవరము కొండల మొదట, మనుష్యుల చేయి తక్కువగ పడిన తావున, ఈ బుడమేరే ఎట్లున్నదో దానినే ఆదర్శముగ గ్రహించి, దిగువకు వచ్చుకొలది ఎంత తరుగుచున్నదో లెక్కింపవలెను. వరద తీసిన వెంటనే చూచుటయు తగదు. ప్రవాహవేగమునకు అడుగు ప్రాణులన్నియు కొట్టుకొనిపోయి యుండును, అవి మరల నెలకొనుటకు వారములు పట్టును. వానలు వెనుకపట్టి నీరు తేరిన పిమ్మట ఒక మారు, మడుగులు ఎండక మునుపు ఫిబ్రవరిలో ఒక మారు చూచినచో న్యాయముగ నుండును.

ఇక యంత్రముల విషయము. మీ శాఖకు చేదుగ తోచినను ఈ భాగమును దాచి వ్రాయజాలను. పూడికతీత పేరిట ఏటిగర్భమును ఒక చివరినుండి మరొక చివరి వరకు చదును చేసి, వంకరలు తీర్చి, రెండు ప్రక్కల కాంక్రీటు గోడలు నిలిపినచో, నీరు వేగముగ పోవుననుట నిజమే. ఆ నీటితోపాటు గులకరాళ్ల పారుదలలు, లోతు మడుగులు, గట్టు క్రింద వేళ్ల నడుమ చేపపిల్లలు దాగు సందులు కూడ పోవును. ఏరుమద్దియు, కానుగయు, నేరేడును గట్టున నున్నంతవరకు నీటిపై నీడ యుండును, రాలిన ఆకు అడుగు ప్రాణులకు ఆహారమగును, వేళ్లు మట్టిని పట్టియుంచును. ఆ చెట్లు పోయిన గట్టుమీద తూటికాడయు, నిలిచిన నీట గుర్రపుడెక్కయు అల్లుకొనుట మనము దినదినము చూచుచునే యున్నాము. గుర్రపుడెక్క వంతెన స్తంభములకు చుట్టుకొని వరదనీటికి అడ్డుపడుట మీ యింజనీర్లకు నాకంటె బాగుగ తెలియును. ఆక్రమణలను తొలగించి ఏటికి దాని వెడల్పును తిరిగి ఇప్పించుటను నేను మనస్ఫూర్తిగ కోరుచున్నాను. ఆ వెడల్పు నంతను కాంక్రీటుతో నింపకుడని మాత్రమే నా మనవి. నడుమ లోతైన పాయ యొకటి, దానికి ఇరుప్రక్కల వరదకాలమున మాత్రము మునుగు పల్లపు నేల, ఆపైన చెట్ల వరుస, ఇట్లు విడిచినచో వరదకును చోటుండును, ప్రాణులకును చోటుండును. నగరమధ్యమున స్థలము చాలని తావుల గోడలు తప్పకపోవచ్చును. వెలగలేటికి ఎగువను, నగరము దాటిన పిమ్మటను అట్టి నిర్బంధము లేదు.

కొల్లేటిని గూర్చి ఒక్క మాట. 1999 లో అభయారణ్యముగ ప్రకటింపబడిన ఆ సరస్సును రక్షించుటకై ఎన్నో యత్నములు జరిగినవి. 2006 లో చేపల చెరువుల గట్లను పగులగొట్టిన సంగతి అందరెరిగినదే. సరస్సు లోపల ఎంత శ్రమపడినను, బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చి పోయు నీరు ఎట్టిదో అట్టిదే సరస్సగును. అటపాక వద్ద గూళ్లు కట్టు గూడబాతుల తిండి, సింగ్ నగరు కాలువ వద్ద మనము విడుచు నీటితో ముడివడియున్నది.

కావున నా కోరిక ఇది. బుడమేటిపై ఇకముందు ఏ త్రవ్వకము జరుపుటకైనను పూర్వము, కొండ మొదలు, వెలగలేటి ఎగువ, నగరపు మొదలు, నగరపు చివర, కొల్లేటి ముఖము అను తావులను స్థిరముగ నిర్ణయించి, నీటిని, అడుగు ప్రాణులను, గట్టు వృక్షములను, చేపలను కలిపి పరిశీలింపజేయుడు. త్రవ్వకము ముగిసిన పిమ్మట అవే తావులను, అదే కాలమున, అదే పద్ధతిని మరల చూపింపుడు. దీనికి కోట్లు అవసరము లేదు. సన్నని వల, తెల్లని పళ్లెము, భూతద్దము, వింక్లరు సీసాలు, చదువుకొన్న కన్నులు చాలును. విజయవాడ కళాశాలలయందు జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర విభాగములున్నవి; పరీక్షలకొరకు మాత్రమే కప్పను, బొద్దింకను చదువు విద్యార్థులు తమ యూరి యేటిని చదువుటకు ఉత్సాహముతో వత్తురని వారి నడుమ జీవితము గడపినవాడనై చెప్పుచున్నాను. ఫలితములను ఆంగ్లపు నివేదికలో భద్రపరచి యుంచక, ఆ తావు పేరు, నాటి తేదీ, అచ్చట దొరకిన ప్రాణులు, లేకపోయిన ప్రాణులు తెలుగున వ్రాయించి, ఆయా పంచాయతీ కార్యాలయముల గోడలమీదను, నగరపాలక సంస్థ వార్డు సచివాలయములయందును అంటింపజేయుడు. ఏటి గట్టున నివసించువానికి తన నీటి సంగతి తెలిసికొను హక్కు అందరికన్న ముందున్నది.

మొదటి పరిశీలనకు వానలు తగ్గి నీరు తేరు నవంబరు చివర అనుకూలము. ఈ సంవత్సరము మీ శాఖ ఏ భాగమున ఏ నెలలో యంత్రములను దింపదలచినదో ముందుగ ప్రకటించినచో, అధ్యాపకులును విద్యార్థులును ఆయా తావులకు అంతకుముందే చేరుటకు వ్యవధి చిక్కును. ఆ పనుల పట్టికను ప్రకటింపవలసినదిగ ప్రార్థించుచు,

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్రోపాధ్యాయుడు,
విజయవాడ